నలుగురితో గూడి వియత్నాము యాత్ర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు పాస్‌పోర్టు అను మాటకు నిన్నమొన్నటి వరకు ఒక్కటే అర్థముండెను. అది దుబాయికో, మస్కటుకో, బహ్రైనుకో కూలికి పోవువాని కాగితము. ఇంటికి ఒక్కడు పోవును. తక్కినవారు బస్టాండు వరకు వచ్చి కన్నులు తుడుచుకొని మరలుదురు. రెండేండ్లకో మూడేండ్లకో వాడు అట్టపెట్టెలకు త్రాళ్లు బిగించుకొని తిరిగివచ్చును. విమానమనగా ఎడబాటు అనియే మన తల్లులు ఎరిగిన సంగతి. అట్టి ఇండ్లనుండియే నేడు తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, మనుమలు అందరును కలిసి ఒక్క విమానమెక్కి వియత్నాము చూచి వచ్చెదమని బయలుదేరుచున్నారు. శంషాబాదు నుండి ఆ దేశమునకు నేరుగా విమానములు నడచుట మొదలైన పిమ్మట ఈ ముచ్చట మరింత పెరిగినది. ప్రయాణము నాలుగైదు గంటలు. మన ఊళ్ల నుండి శంషాబాదు చేరుటకును ఇంచుమించు అంతే కాలము పట్టును.

ఇట్లు పోవువారిలో చాలమంది తమంత తాము పోరు. ఒక వ్యాపారి ఇరువది ముప్పది మందిని చేర్చి నడుపు జట్టులో చేరి పోవుదురు. దీనిని గ్రూపు టూరు అందురు. నేనును ఆ మాటనే వాడెదను. బృందయాత్ర అని సంస్కృతీకరించి అడిగినచో జగిత్యాలలో టికెట్టు ఇచ్చువారెవరును లేరు.

గుంపుగా దూరదేశమునకు పోవుట మన గోదావరి తీరమునకు క్రొత్త కాదు. బౌద్ధుల సుత్తనిపాతములో బావరి యను వృద్ధ బ్రాహ్మణుని కథ కలదు. ఆయన అస్సక దేశమున గోదావరి యొడ్డున ఆశ్రమము కట్టుకొని యుండెను. ఆ ఆశ్రమస్థానము నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి యని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. జగిత్యాల జిల్లావారికి అది గోదావరి ఆవలి యొడ్డు. బుద్ధుడు పుట్టెనని విని, ప్రాయము మీరినందున తాను పోజాలక, బావరి తన పదునారుగురు శిష్యులను పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి మీదుగా మగధ చేరిరి. ఆ పదునారుగురిలో పింగియుడు మిగుల ముదుసలి. దేహము శిథిలమైనదనియు, చూపు వినికిడి చాలవనియు అతడు బుద్ధునితోనే చెప్పుకొనెను. ఐనను జట్టు అతనిని విడిచి పోలేదు. తిరిగివచ్చి బావరికి సంగతులన్నియు చెప్పినవాడు ఆ ముసలివాడే.

మనకు దగ్గరి కాలములో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారముతో కాశికి బయలుదేరి, హైదరాబాదు మీదుగా ఉత్తరమునకు పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. వెంట నూరుమంది వరకు ఉండిరి. ఆ నూరుగురి కూడు, గూడు, జ్వరము, దారి సుంకము, నదిని దాటు పడవ, అన్నియు ఆయన తలమీదనే యుండెను. నాడు నడుపువాడు జట్టులోని వాడు. తన తల్లిని, భార్యను వెంటబెట్టుకొని పోవువాడు. నేడు నడుపువాడు వర్తకుడు. వర్తకుడగుట తప్పు కాదు. కాని ఈ భేదమును మరచి, పూర్వపు యాత్రలో పెద్దదిక్కును నమ్మినట్లు నేటి ఏజెంటును నమ్ముటవలననే చిక్కులు వచ్చుచున్నవి.

గ్రూపు టూరు చౌక ఎట్లగుచున్నది? వ్యాపారి విమానములో సీట్లను ఒక్క మొత్తముగా కొనును. హోటలు గదులను, బస్సును, దారి చూపు గైడును కూడ అట్లే మాట్లాడును. ఖర్చును తలలపై పంచును. గదికి ఇద్దరు చొప్పున లెక్కించియే తలకింత అని ప్రకటించును. కావున ఒంటరిగా వచ్చు విధవరాలైన మేనత్తకు ప్రకటించిన ధర వర్తింపదు. గది మొత్తము ఆమె మీద పడును. మూడవ మనిషికి వేరు మంచము వేసినచో ఒక ధర, పిల్లవానికి మంచము లేనిచో మరియొక ధర. ఇవన్నియు సొమ్ము కట్టకముందు కాగితము మీద వ్రాయించుకొనవలెను.

ఇంకొక సంగతి. జగిత్యాలలో మన చేతిసొమ్ము పుచ్చుకొనువాడు తరచుగా మధ్యవర్తి. టూరు అమ్మునది హైదరాబాదులోని సంస్థ. వియత్నాములో బస్సు, గది చూచునది అచ్చటి మరియొక సంస్థ. రేపు గది దొరకనిచో ఎవరిని అడుగవలెను? రసీదు ఎవరి పేర నున్నదో వారినే. కావున రసీదు లేని సొమ్ము ఇచ్చుట తగదు. బ్యాంకు ద్వారా ఇచ్చినచో ఇంకను మేలు. విదేశీ టూరు సొమ్ముపై ఆదాయపు పన్ను పద్దున కొంత అదనముగా ముందే వసూలు చేయుదురు. అది పోయిన సొమ్ము కాదు. పాన్ నంబరు ఇచ్చి, పిమ్మట రిటర్ను వేసి, లెక్కలో సరిచూచుకొనవచ్చును, తిరిగి పొందవచ్చును. మన ప్రాంతములో బీడీలు చుట్టి, సాంచాల మీద నిలువుకాళ్ల పని చేసి కూడబెట్టిన పైకము ఇది. ఒక్కొక్క కాగితము అడిగి తీసుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు.

కార్యక్రమ పత్రమును వ్యాకరణము చదివినట్లు చదువవలెను. అందు క్రియాపదములే ముఖ్యము. 'చూపుదుము' అను మాటకు రెండర్థములు కలవు. లోనికి ప్రవేశము కొని చూపుట ఒకటి; బస్సు కిటికీనుండి వ్రేలితో చూపుట రెండవది. 'భోజనములు' అన్నచో మూడు పూటలా, రెండు పూటలా? వీసా రుసుము, పడవ టికెట్టు, గాలిలో తీగమీద పోవు బండి టికెట్టు, గైడునకు ఇచ్చు ఇనాము కలిసినవా, విడివా? పట్టుబట్టల దుకాణమునకో ముత్యాల దుకాణమునకో తీసికొనిపోయి గంటసేపు కూర్చుండబెట్టుట ఎన్నిమార్లు? కొన్నదానిపై తీసికొనిపోయిన వారికి వాటా ముట్టుట ఈ వ్యాపారమున సామాన్యము. సిరిసిల్ల మగ్గపువారు మాత్రము అట్టి పట్టు దుకాణములో మోసపోరని నా నమ్మకము. నూలు పోగు పట్టి చూచినంతనే పట్టో, పాలియెస్టరో చెప్పగలరు. వారు హనోయి ప్రక్కనున్న వాన్ ఫుక్ పట్టునేతవారి పల్లెను అడిగి చూచుట మంచిది.

ఇక పేరుల చిక్కు. వియత్నాము ప్రభుత్వము 2023 ఆగస్టు 15 నుండి తొంబది దినముల ఈ-వీసాను అన్ని దేశములవారికి ఇచ్చుచున్నది. ఒక్కమారు ప్రవేశమునకు రుసుము 25 డాలర్లు. పాస్‌పోర్టులో నున్న పేరు, పుట్టిన తేది, నంబరు అక్షరము తప్పకుండ దరఖాస్తులో ఉండవలెను. మన పాస్‌పోర్టులలో ఇంటిపేరు ఒకనికి ఇంటిపేరు గడిలో నుండును, వాని అన్నకు అసలు పేరుతో కలిసియుండును, తల్లికి ఆ గడి శూన్యముగా నుండును. ఒక్క కుటుంబమువారు కాగితముల మీద మూడు కుటుంబములుగా కనబడుదురు. ఏజెంటు దుకాణములోని కుర్రవాడు తొందరలో ఒక అక్షరము అటునిటు చేసినచో విమానాశ్రయములో ఆగిపోవునది మనము, వాడు కాదు. కావున వీసా కాగితము చేతికి వచ్చిన దినముననే పాస్‌పోర్టు ప్రక్కన పెట్టి ఒక్కొక్క అక్షరము సరిచూడవలెను. పాస్‌పోర్టునకు ఇంకను ఆరు నెలలకు మించిన గడువుండవలెను. గడువు చాలనివారు ముందుగానే కరీంనగరము, నిజామాబాదులందలి పాస్‌పోర్టు కేంద్రములకు పోవలెను. విచిత్రమేమన, వియత్నామువారును మనవలెనే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక చెప్పుకొందురు. మన చిక్కు వారికి అర్థము కావలసినదే. కాని యంత్రమునకు అర్థము కాదు.

పాస్‌పోర్టు గురించియే మరియొక మాట కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. 2024లో కంబోడియాలో సైబరు మోసగాండ్ర చేత చిక్కిన తెలంగాణ యువకుల సంగతి బయటపడినది. వారిలో సిరిసిల్ల ప్రాంతపు వాడును ఉండెను. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి తీసికొనిపోయి, పాస్‌పోర్టు లాగుకొని, మన దేశమువారినే ఫోనులో మోసగించు పనిలో నిలుపుట ఆ ముఠాల పద్ధతి. కంబోడియా వియత్నామునకు పొరుగు దేశము. కావున టూరు పేరిట పోయి అచ్చటనే ఉండి పనిలో చేరవచ్చునని ఎవడైన కుర్రవానితో చెప్పినచో, ఆ తల్లిదండ్రులు ఆ మాటను అచ్చటనే త్రుంచవలెను. యాత్రకిచ్చిన వీసాతో కూలి చేయుటకు హక్కు లేదు. విదేశములకు పనివారిని పంపు ఏజెంటు మన విదేశాంగ శాఖవద్ద నమోదై యుండవలెను. టూరు వ్యాపారికి ఆ అధికారము ఉండదు. ఇక నిజమైన టూరులో సైతము పాస్‌పోర్టులన్నియు ఒక్క సంచిలో వేసి గైడు చేతి కిచ్చుట సరికాదు. హోటలువారు నమోదుకై అడిగిన చూపి, మరల అడిగి పుచ్చుకొనవలెను.

కాలము ఎంచుకొనుట వేరొక విద్య. మనకు దసరా సెలవులు అనుకూలము. కాని ఆ దినములలోనే వియత్నాము నడిమి తీరమున, అనగా దా నాంగు, హోయి ఆన్, హ్యూ నగరముల వైపు, గాలివానలు, వరదలు వచ్చును. 2025 అక్టోబరు చివర హోయి ఆన్ వీధులలో పడవలు నడచెను. అదే యేడు జూలై 19న హా లాంగ్ అఖాతములో అకస్మాత్తుగా వచ్చిన గాలివానకు యాత్రికుల పడవ తిరుగబడి ముప్పదిమందికి పైగా మరణించిరి. పడవ ఎక్కినంతనే తేలుడుచొక్కా తొడిగికొనుట, పిల్లలకు తొడుగుట, వాతావరణము బాగుండనిచో ఆ పూట పడవను మానుటకు జట్టంతయు ఒప్పుకొనుట అవసరము. 'సొమ్ము కట్టితిమి గదా' అని గైడును ఒత్తిడి చేయుట మన వారిలో కలదు. అది ప్రాణముమీదికి తెచ్చు పని. సంక్రాంతి నాటికి హనోయిలో చలి, దక్షిణమున పొడి వాతావరణము. ఉన్నిబట్టలున్న చాలును. ఆ పిమ్మట వచ్చు వారి సంవత్సరాది పండుగ దినములలో మాత్రము దుకాణములు మూతపడును. ఫిబ్రవరి చివర, మార్చి నెలలు నా లెక్కకు మేలైనవి. ఐతే పిల్లలకు పరీక్షలు. ఎవరికి ఏది ముఖ్యమో వారే తేల్చుకొనవలెను.

మా వాడకట్టులోని ఒక అవ్వ నన్నిట్లడిగెను: "సారూ, నాకు మోకాళ్ల నొప్పులు. పిల్లలు రమ్మంటున్నరు. పోతే వాళ్లకు అడ్డమైతనా?" ఈ ప్రశ్నకు జవాబు అవ్వ మోకాళ్లలో లేదు, కార్యక్రమ పత్రములో ఉన్నది. ఆరు దినములలో హనోయి, హా లాంగ్, దా నాంగు, హోచిమిన్ నగరము అన్నియు చూపెదమని వ్రాసియున్నచో, ఉదయము నాలుగు గంటలకే లేచి దేశములోపలి విమానము నందుకొనుట తప్పదు. ఒక్కరు ఆలస్యమైనచో ముప్పదిమంది బస్సులో గొణుగుదురు. ఆ గొణుగుడు వినవలసి వచ్చునను భయముననే మన పెద్దవారు కాలు నొచ్చినను చెప్పరు, మూత్రమునకు పోవలెనన్నను చెప్పరు, నీరు త్రాగుట మానుకొందురు. ఇది నేను కనుగొన్న సత్యములలో మిక్కిలి కష్టమైనది. పింగియుని వెంటబెట్టుకొని నడచిన జట్టు వేరు. గడియారము చూచి నడచు జట్టు వేరు.

కావున సొమ్ము కట్టకముందే అడుగవలసినవి కొన్ని కలవు. ఒక్కొక్క ఊరిలో ఎన్ని రాత్రులు? రెండు రాత్రులకు తక్కువైన చోట ముసలివారికి విశ్రాంతి లేదు. మెట్లెన్ని? హా లాంగ్‌లోని గుహలకును, తీ తోప్ ద్వీపపు కొండకును మెట్లు చాలగలవు. కూ చీ సొరంగములలో వంగి ప్రాకవలెను. దా నాంగు వద్ద చలువరాతి కొండలకు మాత్రము లిఫ్టు ఉన్నది. ఎక్కలేనివారు క్రింద నీడలో కూర్చుండుటకు చోటున్నదా, వారితో నిలుచువారెవరు? జట్టులో తక్కినవారెవరు, కొత్త దంపతులా, కళాశాల మిత్రులా, మనవంటి కుటుంబములా? మూడు నాలుగు కుటుంబములవారు ముందుగానే కలిసి పదునైదు ఇరువదిమంది ఐనచో, తమకై వేరు బస్సును, వేరు గైడును మాట్లాడుకొనవచ్చును. ధర కొంచెము పెరుగును. కాని గడియారము తమ చేతిలో నుండును. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలో బంధుత్వములు అల్లుకొని యున్నవి గనుక ఇట్లు కూడుట మనకు కష్టము కాదు. వేములవాడకు, ధర్మపురికి, కొండగట్టునకు వాహనము మాట్లాడుకొని పోవు మనము చేయునది ఇదియే గదా. అవ్వకు నేనిదే చెప్పితిని. పిల్లలను పిలిచి వారికిని చెప్పితిని.

ప్రయాణపు బీమా తీసికొనునపుడు ఉన్న రోగములను దాచరాదు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు మాత్రలు డాక్టరు చీటితోసహా చేతిసంచిలో ఉండవలెను గాని పెద్దపెట్టెలో కాదు. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర ముందు. మాత్రల వేళ దానికి తగినట్లు మార్చుకొనవలెను. వాహనములు రోడ్డునకు కుడివైపున నడచును. మనము అలవాటు చొప్పున కుడి ప్రక్కకు చూచి అడుగు వేయుదుము. అచ్చట మొదట ఎడమకు చూడవలెను. హనోయి వీధులలో మోటారుసైకిళ్లు ఏటి ప్రవాహమువలె వచ్చుచుండును. తడబడి వెనుకకు గెంతరాదు; మెల్లగా, ఒక్కతీరున నడచినచో వారే ప్రక్కకు తప్పుకొని పోవుదురు. వారి నాణెము దాంగు. మన రూపాయికి దాదాపు మూడువందల దాంగులు. ఇరువదివేల నోటును, ఐదులక్షల నోటును నీలపు ఛాయవే. మొదటిది మన 70 రూపాయలు, రెండవది సుమారు 1,700. చీకటిలో టాక్సీవానికి ఒకదానికి బదులు ఒకటి ఇచ్చి పోగొట్టుకొనుట సులభము.

శాకాహారులు ఒక్క మాట నేర్చిన చాలును. అది 'చాయ్'. మనకది తేనీరు, వారికి శాకాహారము. మన ఊరివాడు అలసి కూర్చుండి చాయ్ అన్నచో కూరగాయల పళ్లెము వచ్చును. తేనీరు కావలెనన్న 'చా' అనవలెను. అచ్చటి బౌద్ధులు చాంద్రమాసమున మొదటి దినమునను, పౌర్ణమి నాడును మాంసము మానుదురు. ఆ దినములలో శాకాహారము మరింత సులభముగా దొరకును. తక్కిన దినములలో కూరగాయలందును చేపల పులుసునీరు కలుపుదురు గనుక 'చాయ్' అనియున్న భోజనశాలకే పోవుట మేలు. మన పచ్చడి, పొడి తీసికొనిపోవుటకు నేనేమియు అడ్డు చెప్పను.

చివరకు, ఏమి చూడవలెను? కార్యక్రమ పత్రములలో బా నా కొండలమీద రాతివలె కనబడు చేతులు మోయు బంగారు వంతెన తప్పక ఉండును. అది 2018లో కట్టినది, చూచుటకు ముచ్చటగానే యుండును. కాని దా నాంగునుండి ఇంచుమించు డెబ్బది కిలోమీటర్లలో మీ సన్ అను లోయ కలదు. తెలుగువాడు వియత్నాము పోయి దానిని చూడక వచ్చుట నాకు మింగుడుపడదు. అది చంపా రాజుల శైవక్షేత్రము. భద్రవర్మ యను రాజు అచ్చట భద్రేశ్వరుడను పేర శివుని ప్రతిష్ఠించెను. ఆ కొయ్యగుడి కాలిపోగా ఏడవ శతాబ్దిలో శంభువర్మ మరల కట్టించి శంభుభద్రేశ్వరుడని పేరిడెను. రాజు పేరుతో దేవుని పేరు కూర్చుట మన రాజరాజేశ్వరుని సన్నిధిలో పెరిగిన వేములవాడ వారికి వింత కాదు. సంస్కృత శాసనములు, ఇటుక గోపురములు, లింగములు నేటికిని ఉన్నవి. 1969లో అమెరికా బాంబులకు అన్నిటికంటె పెద్ద గోపురము నేలగూలినది. 1999లో ఆ స్థలమును యునెస్కో ప్రపంచ వారసత్వములో చేర్చినది. మన భారత పురావస్తు శాఖవారు 2017 మొదలుకొని 2022 వరకు అచ్చట కొన్ని గుడులను బాగుచేసిరి. ఆ పనిలోనే 2020లో తొమ్మిదవ శతాబ్దపు ఏకశిలా శివలింగము బయటపడినది. గేటునుండి గుడుల దగ్గరివరకు బండి పోవును. పిమ్మట నడక చదునైన దారి. అవ్వ నడవగలదు, ఎండ ఎక్కకముందు పోయినచో.

ఆ క్షేత్రమున్న ప్రాంతమునకు చంపా కాలమున అమరావతి యని పేరు. అచ్చటి దోంగ్ దువాంగ్‌లో 1911లో దొరకిన కంచు బుద్ధవిగ్రహమున పండితులు కొందరు మన కృష్ణాతీరపు అమరావతి శిల్పపు పోలికలు చూచిరి. అది నేడు హోచిమిన్ నగరపు చరిత్ర మ్యూజియములో ఉన్నది. దా నాంగులోని చాం శిల్పముల మ్యూజియము బస్సు నిలుపు చోటికి దగ్గరలోనే యుండును. ఒక గంట చాలును. కోటిలింగాల దిబ్బలమీద శాతవాహన నాణెములు ఏరిన జగిత్యాల పిల్లలకు ఆ గంట వృథా కాదు. హనోయిలో జాతీయ చరిత్ర మ్యూజియమునందు వో కాన్ శాసనమున్న రాయి నిలిపియున్నారు. ఆగ్నేయాసియాలో దొరకిన సంస్కృత శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనవాటిలో అది ఒకటి. జట్టు కార్యక్రమములో దానికి వేళ ఉండదు. హనోయిలో ఒక సాయంకాలము స్వేచ్ఛగా విడిచిపెట్టుదురు. తక్కినవారు అంగళ్లకు పోవుదురు. మ్యూజియము మూయు వేళను ముందురోజే గైడు నడిగి తెలిసికొని, ఇద్దరో ముగ్గురో కలిసి టాక్సీలో పోయిరావచ్చును. హోటలు పేరు వారి లిపిలో అచ్చుపడిన చీటి ఒకటి జేబులో ఉండవలెను.